సంస్కారం తీసుకోని ఆదివారాలు

బందరు,
11-8-1958

ప్రభువునందు ప్రియమైన ఎలీసబెతుకు,

నేను క్షేమం. అక్క చేతికిచ్చి పంపిన ఎండు రొయ్యలు అందాయి. వాటితోపాటు అక్క ఇంకో సంగతి కూడా మోసుకొచ్చింది. ఈ ఉత్తరం రొయ్యల గురించి కాదు.

పెళ్ళికని నాగాయలంక వచ్చి సువార్తమ్మక్క నీ దగ్గర రెండు రోజులుంది గదా. మూడో తారీఖు ఆదివారం నీతోపాటే గుడికి వచ్చింది. ఆ రోజు ప్రభుభోజన సంస్కారం. కాంతారావు పాస్టరుగారు రొట్టె విరిచి, ద్రాక్షరసం గిన్నె ఎత్తి, బల్ల దగ్గరికి రండి అన్నారట. వరుసలు వరుసలుగా లేచారట. నువ్వు లేవలేదు. అక్క నీ భుజం మీద చెయ్యి వేసి "లేమ్మా" అంటే, "మీరు వెళ్ళిరండి వదినా" అన్నావట. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే ఎవరో ముసలమ్మ, "పంతులమ్మ తీసుకోక ఇది మూడో నెల" అందట.

మన వాళ్ళలో ఆడమనిషి సంస్కారానికి లేవకుండా కూర్చుంటే దాని అర్థమేమిటో నీకు నేను చెప్పనక్కర్లేదు. మనసులో పాపం పెట్టుకుని ఆ బల్ల ముట్టుకుంటే శిక్ష తప్పదని చిన్నప్పటినుంచి వింటూ పెరిగినవాళ్ళం. ముట్టుకోలేదంటే పాపం ఉందని నోరు తెరవకుండా ఒప్పుకున్నట్టే.

నేను పాతకాలపు మొగుణ్ణి కాను. మొన్న వేసవిలో గుడివాడ యువజన సభలో స్త్రీ స్వాతంత్ర్యం మీద గంటన్నర మాట్లాడినవాణ్ణి. భార్యను మిషన్ స్కూల్లో ఉద్యోగానికని నలభై మైళ్ళ దూరం పంపి, హోటలు మెతుకులు తింటున్నవాణ్ణి. కాబట్టి దీన్ని అనుమానం అనకు. విచారణ అను.

అక్క చెప్పాక నీ పాత ఉత్తరాలు తీసి చదివాను. గత మూడు ఉత్తరాల్లో గ్రంథాలయం గంగాధరరావు పేరు ఐదుసార్లు ఉంది. గంగాధరరావు పేపరిచ్చాడు, గంగాధరరావు ఈ మాటన్నాడు, గంగాధరరావు వాళ్ళావిడకి నలతగా ఉంది. వాళ్ళావిడ నలత నాకెందుకు రాశావు?

వచ్చే సంస్కారం సెప్టెంబరు ఏడో తారీఖు. ఆ రోజు అందరూ చూస్తుండగా లేచి, బల్ల దగ్గరికెళ్ళి తీసుకో. నీ మనసులో ఏమీ లేకపోతే అది పెద్ద పని కాదు. ఆ సంగతి పాస్టరుగారు నాకో ముక్క రాస్తే ఈ ఉత్తరం నేను రాయలేదనుకుంటాను.

నీ భర్త,
దైవాధీనం


నాగాయలంక,
16-8-1958

ప్రియమైన మీకు,

మీ విచారణ అందింది.

ముద్దాయిని నేను గనక ముందు లెక్క సరిచేస్తాను. గంగాధరరావుగారి పేరు ఐదుసార్లు కాదు, ఆరుసార్లు. రెండో ఉత్తరం చివర, వారు మీ వ్యాసం మెచ్చుకున్నారని రాసిన చోట మీరు లెక్కలో వేసుకోలేదు. మెప్పు చదివి సంతోషించినప్పుడు ఆయన మగాడన్న సంగతి మీకు గుర్తు రాలేదు. వాళ్ళావిడ కనకదుర్గగారి నలత ఎందుకు రాశానంటే, ఆవిడ నా స్నేహితురాలు. మీరు అడిగింది ఆయన గురించి, నేను రాసింది ఆవిడ గురించి. ఉత్తరం మళ్ళీ చదవండి.

తొమ్మిదేళ్ళ కాపురంలో మీకు నా గురించి తెలిసిందేమిటండీ? నాకు కోపమొస్తే అన్నం మానను, మాట మానతానని తెలుసు. తప్పు చేస్తే ఆ రాత్రే చెప్పేస్తానని తెలుసు. పెళ్ళయిన కొత్తలో మీ పుస్తకం నీళ్ళ కాగులో పడేసి, మీరు ఇంటికి రాకముందే వీధి చివరకొచ్చి చెప్పిన దాన్ని నేనే. అదంతా ఒకవైపు పెట్టి, చెప్పులు వేసుకుంటూ ఎవరో ముసలమ్మ అన్న మాట ఇంకోవైపు పెట్టి తూచారు. ముసలమ్మవైపు మొగ్గింది.

మూడు నెలలు నేను సంస్కారం తీసుకోని మాట నిజం. ఎందుకు తీసుకోవడం లేదో మీకు ముందే రాయాల్సింది. స్కూలు తెరిచిన హడావుడిలో ఒక నెల, నాట్ల సమయంలో పిల్లలు బడికి రాక ఇల్లిల్లూ తిరగడంలో ఇంకో నెల పోయింది. రాద్దామనుకుంటుండగా మీది వచ్చింది. ఇందులో మూడు పేజీలున్నాయి. ఎందుకు తీసుకోలేదన్న ప్రశ్న ఒక్కచోట కూడా లేదు. మీరు అడిగింది మనిషి పేరు. దొరకదని భయమేసి, పాత ఉత్తరాల్లోంచి ఒక పేరు మీరే వెతికి పెట్టుకున్నారు.

పిల్లలు లేని ఆడదానికి తీరిక ఎక్కువని వదినగారు ఇక్కడున్న రెండు రోజుల్లో నాలుగుసార్లు అన్నారు. వారికీ తీరిక ఉన్నట్టే ఉంది.

మీరు ఎందుకని అడిగితే చెబుతాను. ఎవరని అడిగినంతకాలం చెప్పను. ఏడో తారీఖు మీరు చెప్పారని లేవను.

ఇట్లు,
మీరు నలభై మైళ్ళ దూరం పంపిన, నిజానికి తన సర్టిఫికెట్టుతో తనే ఉద్యోగం తెచ్చుకుని వచ్చిన,
ఎలీసబెతు


(కార్డు)

బందరు, 21-8-58

ఎలీసబెతుకు,

నీ తెలివితేటలు నాకు వద్దు. సూటి ప్రశ్నకు డొంకతిరుగుడు జవాబు రాసినప్పుడే సగం తెలిసింది. సంస్కారం మానుకునేంత పాపం నీలో ఏముందో, దానిలో గంగాధరరావు వాటా ఎంతో తేల్చి రాయి. 7న బల్ల దగ్గరికి వెళ్ళకపోతే దసరా సెలవులకు ఈ ఇంటి గడప తొక్కొద్దు.

దైవాధీనం


నాగాయలంక,
28-8-1958

మీకు,

కవరు కొనే ఓపిక లేకపోయిందా, లేక నలుగురూ చదవాలనే కార్డు మీద రాశారా? కోపంలో చేతికందింది తీసుకున్నానంటారు. మీ బల్ల మీద ఎప్పుడూ ఇన్లాండు కవర్లుంటాయి, కార్డు కోసం లేచి వెతకాలి. ఆ ఇల్లు సర్దిన దాన్ని, నాకు తెలుసు.

ఆ కార్డు ఈ ఊరికి ఎలా వచ్చిందో చెబుతాను, వినండి. పోస్టుమాను నూకరాజు రేవు దగ్గర టీ తాగుతూ సంచీ విప్పుతాడు. నాకు కార్డు ఇచ్చేసరికి మధ్యాహ్నం అన్నం బెల్లు అయింది. ఇస్తూ, "పంతులమ్మగారూ, అయ్యగారికి బాగా కోపమొచ్చినట్టుందండీ" అన్నాడు.

"నీకెలా తెలుసు నూకరాజూ?"

"కార్డు గదండీ. కంట్లో పడుద్ది."

"నీ ఒక్కడి కంట్లోనే పడిందా?"

"రేవులో ఓ పదిమంది ఉన్నారండీ" అని చెప్పి సైకిలెక్కాడు. అబద్ధం చెప్పలేదు, అంతవరకు మంచివాడు.

సాయంత్రానికి గంగాధరరావుగారు గ్రంథాలయం మూసేసి ఇంటికెళ్ళిపోయారు. కనకదుర్గగారు నాతో మాట్లాడారు గాని, గుమ్మంలో నిలబెట్టి మాట్లాడారు. మర్నాడు పాస్టరుగారొచ్చారు. "అమ్మా, ఇన్నాళ్ళూ మీరేదో పట్టుదలతో ఉన్నారనుకున్నాను. మీ భర్తగారే ఇలా రాశాక నేను ఊరుకుంటే సంఘం ఊరుకోదు" అన్నారు. మిషన్ స్కూల్లో పాఠం చెప్పే మనిషి సంస్కారం తీసుకునే మనిషై ఉండాలని రూలు ఉందట. బందర్లో ఉన్న స్కూళ్ళ మేనేజరుగారికి రాశారట. ఏడో తారీఖు లేవకపోతే ఎనిమిదో తారీఖునుంచి నాకు ఉద్యోగం లేదు.

మీ సుఖం కోసం కాదు, ఊరంతా ఎలాగూ చదివింది గనక, ఇప్పుడు కారణం రాస్తున్నాను.

మా వీధిలో కృపావతి అని ఇరవయ్యేళ్ళ పిల్ల ఉంది. మొగుడు దానియేలు రైసుమిల్లులో బస్తాలు మోస్తాడు. మే నెలలో ఆ పిల్ల ఎదురుమొండి దీవిలో ఉన్న తల్లిని చూసి, పొద్దున్న పదింటికి సూరయ్య పడవెక్కింది. ఆ రోజు ఇంకెవరూ ఎక్కలేదు. నడి ఏట్లో ఆటుకి నీళ్ళు తీసి పడవ ఇసుక మేట మీద కూర్చుండిపోయింది. పోటు వచ్చి పడవ లేచేసరికి సాయంత్రం నాలుగైంది. ఆరు గంటలు. ఈ ఊళ్ళో ప్రతి మగాడికీ ఆటుపోట్లు వేళ్ళ మీద తెలుసు. వల వేసేటప్పుడు తెలుసు, ఉప్పునీటికి కట్ట వేసేటప్పుడు తెలుసు. పడవలో ఒంటరి ఆడమనిషి ఉందనేసరికి అందరూ మర్చిపోయారు.

దానియేలు వెళ్ళి పాస్టరుగారికి ఫిర్యాదు చేశాడు. ఒప్పుకునేదాకా బల్ల దగ్గరికి రావద్దని ఆయన ఆ పిల్లకి చెప్పారు. చెయ్యనిది ఎలా ఒప్పుకోవాలో చెప్పలేదు. సూరయ్యని ఎవరూ ఏమీ అనలేదు. అతను మన గుడి మనిషి కాడు, పడవ వేసుకుంటున్నాడు. వాళ్ళావిడ వీరమ్మని చేపల దగ్గర అడిగితే, "మా ఆయనకి అంత తెలివే ఉంటే పడవ మేటెక్కించడండీ" అని నవ్వి, చేప తోమేసి ఇచ్చింది. అనుమానం అలా తీరిపోయే ఇళ్ళు కూడా ఉన్నాయి.

జూన్ ఒకటిన సంస్కారానికి, పాస్టరుగారు వద్దన్నా వినకుండా కృపావతి వచ్చి వరుసలో నా పక్కన మోకరించింది. పాస్టరుగారు రొట్టె పళ్ళెం పట్టుకుని ఇటునుంచి వస్తున్నారు. ఆ పిల్ల చేతులు చాపింది. ఆ చేతుల మీదుగా పళ్ళెం దాటి నా ముందుకొచ్చి ఆగింది. నేను ముందుగా ఏమీ ఆలోచించుకోలేదండీ. మీలాగా సభలో మాట్లాడిన దాన్ని కాదు. నా చెయ్యి ముందుకు రాలేదు, అంతే. ఆ పిల్ల చేతులు ఇంకా చాపే ఉన్నాయి.

ఆ రోజునుంచి ఆ పిల్ల గుడి తలుపు దగ్గర చాప మీద కూర్చుంటోంది. ఆ పిల్లకి ఇచ్చేదాకా నాకూ వద్దని పాస్టరుగారికి చెప్పాను. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు.

ఇదీ నా పాపం. ఇందులో గంగాధరరావుగారి వాటా మీరే తేల్చి కార్డు రాయండి.

ఎలీసబెతు


బందరు,
2-9-1958

ప్రియమైన ఎలీసబెతుకు,

కార్డు రాయడం పొరపాటే. కవర్లు అయిపోయాయని రాద్దామనుకున్నాను, కాని నువ్వు నమ్మవు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ మాట నూటికి తొంభై పాళ్ళు నమ్ముతున్నాను. అయితే కొన్ని విషయాలు తర్కానికి నిలవడం లేదు.

ఒకటి, కృపావతి మొగుడికీ కృపావతికీ మధ్య సంగతి అది. ఆ పడవలో ఏం జరిగిందో నువ్వు చూడలేదు. జరగలేదని ఎలా చెబుతావు? దానియేలు చదువుకోనివాడు. అతనికి నెమ్మదిగా నచ్చజెప్పాలి. ఒక సాంఘిక దురాచారాన్ని ఎదిరించాలంటే సంస్థ ద్వారా, వ్యాసాల ద్వారా, ప్రజాభిప్రాయం ద్వారా ఎదిరించాలి. ఒక ఆడమనిషి గుళ్ళో లేవకుండా కూర్చుంటే సమాజం మారదు, ఆ మనిషి పేరు పోతుంది. పోయింది కూడా.

ఇంకో మాట. పక్కవాడి కాపురం కోసం మన కాపురం తగలబెట్టుకునే హక్కు నీకొక్కదానికే లేదు. నేను స్టాఫ్ రూములోకి వెళ్తే మాట్లాడుకుంటున్నవాళ్ళు ఆపేస్తున్నారు. నాగాయలంకలో పడిన కార్డు బందరు ఎలా వచ్చిందో తెలియదు గాని, వచ్చింది. నాకూ అవమానంగా ఉందని నీకెక్కడా తోచలేదు.

ఏడో తారీఖు తీసుకో. ఉద్యోగం నిలుపుకో. ఆ తర్వాత దసరాకి వస్తే ఇద్దరం కలిసి మేనేజరుగారితో కృపావతి సంగతి మాట్లాడదాం. నేను స్వయంగా వ్యాసం రాస్తాను. ఊరి పేరు మార్చి రాయొచ్చు. ఇంతకంటే నేనేం చెయ్యగలను?

తీసుకోకపోతే మాత్రం కార్డులో రాసిన చివరి మాట అలాగే ఉంటుంది.

నీ భర్త,
దైవాధీనం


నాగాయలంక,
9-9-1958

దైవాధీనం మేష్టారికి,

ఆదివారం మీరొస్తారేమోనని తొమ్మిదింటి బస్సు చూశాను. రానందుకు సంతోషం. వచ్చి ఉంటే పాస్టరుగారి పక్కన నిలబడేవారు.

గుడి నిండిపోయింది. క్రిస్మసుకి కూడా రానివాళ్ళొచ్చారు. మీ కార్డు చేసిన సువార్త సేవ అది. నేను చాప మీద కృపావతి పక్కన కూర్చున్నాను. వరుసలన్నీ అయ్యాక పాస్టరుగారు నాకేసి చూసి, "ఎలీసబెతమ్మగారూ, మీరు రావచ్చు" అన్నారు.

"కృపావతి?" అన్నాను కూర్చునే.

"ఆమె సంగతి వేరు."

"ఏం వేరండీ?"

"ఆమె భర్త ఫిర్యాదు ఇచ్చాడమ్మా."

"నా భర్త కూడా కార్డు రాశారు గదండీ. మీరూ చదివారు."

మగాళ్ళ వైపు ఎవరో నవ్వారు. అప్పుడు దానియేలు లేచాడు. మనిషి పెద్ద, గొంతు చిన్నది. "పంతులమ్మగారూ, మీరంటే నాకు గౌరవమండీ. నా పెళ్ళాం సంగతి మీకెందుకండీ" అన్నాడు.

"మే నెలనుంచి నీకు అన్నం ఎవరు వండుతున్నారు దానియేలూ?"

"అదేనండి."

"క్యారేజీ ఎవరు కడుతున్నారు?"

"అదేనండి."

"ఆ చేతి అన్నం మూడు పూటలా తింటున్నావు. ఆ చేతిలో చిన్న రొట్టెముక్క పెట్టనిస్తే నీకేం తగ్గుద్ది?"

నిలబడి ఆలోచించాడండీ ఆ మనిషి. నిజంగా ఆలోచించాడు. అటు ఇటు చూశాడు. పక్కనున్నవాళ్ళు చొక్కా పట్టుకుని కూర్చోబెట్టారు. మీరు చదువుకోనివాడన్నారే, ఆ గుళ్ళో నా మాటకి ఒక్క నిమిషం తడబడినవాడు అతనొక్కడే. చదువుకున్నవాడు తొంభై పాళ్ళు నమ్మి, మిగిలిన పది పాళ్ళు బీరువాలో పెట్టుకున్నాడు.

అచ్చమ్మగారు కూడా ఆ రోజు లేవలేదు. పాస్టరుగారి మేనత్త, డెబ్భయ్యేళ్ళావిడ. మా పక్షం వచ్చారనుకుని కళ్ళు చెమర్చాయి. బయటికొచ్చాక చెయ్యి పట్టుకుంటే, "మోకాళ్ళు పట్టేశాయే తల్లీ, ఈసారి బల్లే నా దగ్గరికి రావాల" అన్నారు. మా బలం ఇంతే.

సోమవారం పొద్దున్న స్కూలుకెళ్తే నా రిజిస్టరు తీసుకుని కాగితం చేతికిచ్చారు. మూడో తరగతి పిల్లలు కిటికీలోంచి చూస్తున్నారు. ఎక్కం మధ్యలో ఉంది.

మీరు ఊరి పేరు మార్చి వ్యాసం రాస్తానన్నారు. ఊరి పేరు మార్చక్కర్లేదు, బందరనే రాయండి. కృపావతి మొగుడు బస్తాలు మోస్తాడు, ఎలీసబెతు మొగుడు ఉపన్యాసాలు మోస్తాడు. దించిన చోట ఇద్దరి భుజాలూ ఒకటే. పడవలో ఏం జరిగిందో నేను చూడలేదని రాశారు. నిజమే. మీరు బందర్లో ఏం చేస్తున్నారో కూడా నేను చూడటం లేదు. చూడని చోట మనిషిని నమ్మాలి గాని, చూసిన చోట నమ్మడానికేముంది?

దసరాకి రావద్దన్నారు. రాను. రాకపోవడానికి మీ అనుమతి ఉంది గనక ఈసారి గొడవ లేదు.

ఎలీసబెతు


బందరు,
7-10-1958

నా ఎలీసబెతుకు,

నెల రోజులు నీకు రాయలేదు. మొదటి రెండు వారాలు కోపంతో, తర్వాత ఏం రాయాలో తెలియక. ఇరవై ఎనిమిదిన గుడివాడలో సభ ఉంటే వెళ్ళాను, ముప్పయ్యో తారీఖున తిరిగొచ్చాను. ఆ సభలో కూడా మాట్లాడాను. ఎప్పుడూ చెప్పే మాటలే చెప్పాను, చప్పట్లు కొట్టారు. మొదటిసారి ఆ చప్పట్లు వింటుంటే దించిన చోట భుజాలు ఒకటే అన్న నీ మాట గుర్తొచ్చింది.

మొన్న ఐదో తారీఖు ఆదివారం ఇక్కడ కూడా సంస్కారం. ఎప్పటిలాగే మూడో వరుసలో కూర్చున్నాను. అయ్యగారు రండి అన్నారు. పక్కవాళ్ళు లేచారు. నాకు లేవబుద్ధి కాలేదు.

ఎందుకో రాస్తాను. ఆ పళ్ళెం చూస్తే, దానికోసం చేతులు చాపిన ఆ పిల్ల కనబడింది. నేను చూడని పిల్ల. నీ ఉత్తరంలో ఆ మూడు వాక్యాలు మొదటిసారి చదివినప్పుడు పక్కకి పెట్టేశాను. అవి పోలేదు. లేవలేదు. నా చుట్టూ బెంచీ ఖాళీ అయింది. నలభై రెండేళ్ళ వయసులో మొదటిసారి అలా ఒక్కణ్ణీ కూర్చున్నాను. ఇప్పుడు గుడి అంతా నన్ను చూస్తుంది, ఇప్పుడు గుసగుసలు మొదలవుతాయి, నా భార్య పడింది నేనూ పడాలి అనుకుని, చెప్పాలంటే కొంత గర్వంతోనే, కూర్చున్నాను.

ఆరాధన అయ్యాక అయ్యగారు గబగబా వచ్చి, "మేష్టారూ, ఒంట్లో బాగాలేదా?" అన్నారు. బాగానే ఉందన్నాను. "కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పైత్యం చేసుంటుంది" అన్నారు. కాంపౌండరు ప్రకాశరావు నాడి పట్టుకుని చూశాడు. హెడ్మాష్టరు సోమవారం రావద్దు, విశ్రాంతి తీసుకోమన్నారు. మధ్యాహ్నానికి సువార్తమ్మక్క మిరియాల చారు కాచి పంపింది. సాయంత్రం వచ్చి నుదురు ముట్టుకుని, "పెళ్ళాం దగ్గర లేక తిండి సరిగ్గా లేదు, ఏం చేస్తాడు" అని నిన్నే తిట్టింది.

ఎలీసబెతూ, అదే గుడి ఆచారం. అదే పని. మన అక్కే రెండుచోట్లా చూసింది. నువ్వు కూర్చుంటే పాపం, నేను కూర్చుంటే పైత్యం. ఒక్కడూ, ఒక్కతీ, "ఎవరితో మేష్టారూ?" అని అడగలేదు. రేపు గుళ్ళో నిలబడి పాపం చేశానని ఒప్పుకున్నా కషాయం ఇస్తారు తప్ప నమ్మరు. ఇరవయ్యేళ్ళుగా నేను మాట్లాడుతున్నది ఏమిటో నాకు ఆ చారు తాగుతుంటే తెలిసింది.

నిన్న మేనేజరుగారి దగ్గరికి వెళ్ళాను. గట్టిగా మాట్లాడాను. ఆయన చివరికి, "భర్తగా మీకు అభ్యంతరం లేకపోతే సంఘానికెందుకండీ, ఆ మాటే కాగితం మీద పెట్టండి" అన్నారు. అక్కడే రాసిచ్చాను. నా భార్య శీలంపై నాకు సంపూర్ణ విశ్వాసం ఉంది, ఎట్టి అనుమానమూ లేదు, ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవలసింది అని. సంతకం పెట్టాను. సెలవుల తర్వాత నువ్వు మూడో తరగతికి వెళ్ళొచ్చు. సంస్కారం తీసుకోమని కూడా ఇక ఒత్తిడి చెయ్యరు.

గడప తొక్కొద్దని రాసిన చెయ్యే ఇది. దసరాకి ఇంటికి రా.

నీ
దైవాధీనం


నాగాయలంక,
16-10-1958

ప్రియమైన మీకు,

ఈ మాట ఈసారి అలవాటుగా రాయలేదు. కాసేపు ఆలోచించి రాశాను. కాబట్టి కింద రాసేదంతా ఆ మాట గుర్తుపెట్టుకుని చదవండి.

మేనేజరుగారు మీ కాగితం నాకు పంపారు. మీ దస్తూరి చక్కగా ఉంది. దాని వెనకే నా జవాబు రాసి తిప్పి పంపేశాను. ఈ కాగితం మీద నాకు ఉద్యోగం అక్కర్లేదని.

మీకు కోపం వస్తుంది. కష్టపడి వెళ్ళారు, గట్టిగా మాట్లాడారు, మనసు మార్చుకున్నారు. అవన్నీ నిజమే. కాని ఏం చేశారో చూడండి. కార్డు మీద మీ సంతకం పడితే నా ఉద్యోగం పోయింది. కాగితం మీద మీ సంతకం పడితే వచ్చింది. మధ్యలో నేనెక్కడున్నాను? జూన్ నెలనుంచి నేనేం చేశానో, ఎందుకు చేశానో మేనేజరుగారు మిమ్మల్ని అడగలేదు, మీరూ చెప్పలేదు. మంచి భర్త దొరికాడు గనక ఎలీసబెతు మంచిది. దానియేలు సంతకం పెట్టడం లేదు గనక కృపావతి చెడ్డది. ఆ పిల్లని చాప మీద వదిలేసి, మీ సంతకం పట్టుకుని నేను లోపలికి వెళ్ళనా? మీ చారు మీకు అంత నేర్పింది, ఇంకో గుక్క తాగాల్సింది.

కృపావతికి మీ ఉత్తరంలో పైత్యం సంగతి చదివి వినిపించాను. మే నెల తర్వాత ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి. "మేష్టారుగారికి తగ్గిందాండీ?" అని అడిగింది.

చల్లపల్లిలో బోర్డు స్కూల్లో ఒక టీచరు ప్రసవానికి సెలవు పెట్టింది. నవంబరు ఒకటినుంచి ఆ చోటు నాకిచ్చారు. ఏ గుడికెళ్తావని, బల్ల దగ్గరికెళ్తావా లేదా అని అడగలేదు. లెక్కలు చెప్పగలవా అన్నారు. ఆదివారాలు మాత్రం బస్సులో ఇక్కడికొచ్చి చాప మీద కూర్చుంటాను.

ఇక అసలు సంగతి. ఇది రాయకుండా ఉత్తరం మడవగలను. మడిస్తే మీకూ నాకూ మధ్య అబద్ధం ఉంటుంది.

మీ ఉత్తరం మొదటి పేజీ, లేవబుద్ధి కాలేదు అన్న మాట దగ్గర అయిపోయింది. కారణం రెండో పేజీలో ఉంది. పేజీ తిప్పేలోపల నా బుర్ర గుడివాడ వెళ్ళింది. సభ ఇరవై ఎనిమిదిన. మీరు తిరిగొచ్చింది ముప్పయ్యిన. మధ్యలో ఇరవై తొమ్మిది. ఆ రోజు ఈయన ఎవరింట్లో ఉన్నాడు, ఎవరు అన్నం పెట్టారు, ఆ వెంటనే వచ్చిన ఆదివారం బల్ల ఎందుకు ముట్టుకోలేదు. ఇంత కథ, పేజీ తిరిగేలోపల. మీరు నా ఉత్తరాల్లో పేర్లు లెక్కపెట్టారు, నేను మీ తేదీలు లెక్కపెట్టాను. ఎవరూ అడగలేదని రాశారు గదా. అడిగిన మనిషి ఇక్కడుంది, రెండు నెలలుగా ఆ అడగడం వల్లే నలిగిపోయిన మనిషి.

పేజీ తిప్పి కారణం చదివాను. సిగ్గుతో ఉత్తరం కింద పెట్టేశాను. అయినా ఆ ఇరవై తొమ్మిదో తారీఖు పోలేదు. వారమైనా ఉంది. ఈ ఉత్తరం రాస్తుంటే పక్కనే కూర్చుని ఉంది.

ఆ రోజు ఎక్కడున్నారో మీరు రాయొద్దు. బస్సు తప్పిందనో, స్నేహితుడు ఉండమన్నాడనో మీరు రాస్తే నేను నమ్ముతాను, కాని అది మీరు మేనేజరుగారికి ఇచ్చినట్టే ఇంకో కాగితం అవుతుంది. సాక్ష్యం చూసి నమ్మడం నాకు చేతనవును. చూపించమనకుండా నమ్మడం చేతనవునో కాదో ఇప్పటిదాకా తెలియదు. చేతనవుననుకుని మీమీద మూడు ఉత్తరాలు మండిపడ్డాను.

దసరాకి రాను. చల్లపల్లిలో ఒక గది తీసుకున్నాను. ఆ తేదీతో ఒక్కదాన్నే కొన్నాళ్ళు కాపురం చేసి చూస్తాను. అది ఎప్పుడైనా ఒక పూట మర్చిపోయానని నాకే తెలిస్తే, ఆ రోజు మిమ్మల్ని రమ్మంటాను. అంతవరకు మీరు రాకండి, చెప్పకండి. నా చేత అడిగించకండి.

ఎలీసబెతు